ప్రభుత్వం పని ఎంతవరకు? – దూబగుంట తల్లులు నేర్పిన పాఠం



మన విచారణల్లో నలుగురు పెద్దలు కూర్చున్నచోట తరచు వినబడే మాటలు రెండున్నాయి. ఒకటి, "అన్నీ ప్రభుత్వమే చూసుకోవాలి" అని. రెండోది, "ప్రభుత్వం మన జోలికి రాకుండా ఉంటే అంతే చాలు" అని. విచిత్రమేమిటంటే ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట వినబడుతుంటాయి. రేషను బియ్యం రాని రోజున మొదటి మాట, పన్ను నోటీసు వచ్చిన రోజున రెండో మాట. మన కతోలిక బడుల విషయంలోనూ అంతే. టీచర్ల జీతాలకు గ్రాంటు ఇవ్వాలంటాం, నియామకాల్లో మాత్రం సర్కారు వేలు పెట్టకూడదంటాం.

ఈ రెండు కోరికల్లోనూ న్యాయం ఉండవచ్చు. కాని ఏ పని ప్రభుత్వానిది, ఏ పని మనది అని తేల్చడానికి ఒక కొలబద్ద ఉండాలి గదా! అది లేకపోతే లాభం వచ్చినప్పుడు ఒకలాగా, నష్టం వచ్చినప్పుడు ఇంకోలాగా మాట్లాడతాం. ఈ వారం ఆ కొలబద్దను గురించి తెలుసుకుందాం. ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మన తెలుగునాట ఎన్నో ఇళ్ళను కూల్చిన సమస్య ఒకటుంది. అది తాగుడు. తాగుడు మాన్పించడం ప్రభుత్వం పనా, కాదా?

రెండు పక్షాలు

మొదటి పక్షం వారి వాదన ఇది. తాగేవాడు తాగుతాడు, మానేవాడు మానతాడు. మంచితనాన్ని చట్టంతో పుట్టించలేం. నిషేధం పెడితే దొంగసారా పెరుగుతుంది, పోలీసుకు మామూళ్ళు పెరుగుతాయి, కల్తీ తాగి జనం చస్తారు. అమెరికాలో 1920 నుండి 1933 దాకా రాజ్యాంగాన్నే సవరించి మద్యాన్ని నిషేధించారు. చివరకు మళ్ళీ రాజ్యాంగాన్ని సవరించి ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. బీహారులో 2016 ఏప్రిల్‌లో నిషేధం వచ్చింది. 2022 డిసెంబరులో అదే రాష్ట్రంలోని సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి పదుల సంఖ్యలో పేదలు చనిపోయారు. కాబట్టి ఇది ఇంటివారు, గుడివారు, బడివారు చూసుకోవలసిన పని, ప్రభుత్వానిది కాదు.

రెండో పక్షం వారి వాదన వేరు. తాగుడు ఒక్కడి సొంత వ్యవహారం కాదు. వాడి కూలిడబ్బు ఆగిపోతే ఆకలితో పడుకునేది పిల్లలు. దెబ్బలు తినేది భార్య. బలహీనులను కాపాడని ప్రభుత్వం ఎందుకు? మన రాజ్యాంగం 47వ అధికరణం కూడా ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాలను, మందులను వైద్యానికి తప్ప నిషేధించడానికి రాజ్యం పాటుపడాలని చెబుతున్నది.

చదువరీ, మీరు ఏ పక్షం? తొందరపడి జవాబు చెప్పకండి. ముందు మన శ్రీసభ ప్రభుత్వాన్ని గురించి ఏమి బోధిస్తున్నదో చూద్దాం.

యిత్రో ఇచ్చిన సలహా

నిర్గమకాండం 18వ అధ్యాయం తీసి చదవండి. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు తీరుస్తున్నాడు. ఆయన మామ యిత్రో అది చూశాడు. ఈ పద్ధతి మంచిది కాదన్నాడు. నీవూ అలసిపోతావు, ప్రజలూ అలసిపోతారు అన్నాడు. నమ్మకస్తులను ఎంచి వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలుగా నియమించమన్నాడు. చిన్న తగవులు వాళ్ళు తీర్చాలి, పెద్దవి మాత్రమే మోషే దగ్గరకు రావాలి.

గమనించండి. యిత్రో మోషేను తప్పుకోమని చెప్పలేదు. అన్నీ తన భుజాన వేసుకోమని కూడా చెప్పలేదు. పదిమంది పెద్ద చేయగల పనిని పదిమంది పెద్దకే వదిలెయ్యమన్నాడు. అతడి చేతగానిదాన్ని పైవాడు పట్టించుకోవాలన్నాడు.

వేల ఏళ్ళనాటి ఈ సలహానే మన పోపుగార్లు ఈ కాలపు సమాజానికి వర్తింపజేశారు. 1891లో పదమూడవ లియో పోపుగారు 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖ రాశారు. కార్మికులు ఫ్యాక్టరీల్లో నలిగిపోతున్న కాలమది. కుటుంబం రాజ్యం కంటే ముందు పుట్టిందని, దాని హక్కులు రాజ్యం దయతో వచ్చినవి కావని ఆయన బోధించారు. ప్రభుత్వం తనిష్టం వచ్చినట్లు ఇంట్లోకి చొరబడడం తప్పన్నారు. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. కుటుంబం దిక్కులేని దుస్థితిలో పడితే ఆదుకోవడం ప్రభుత్వ ధర్మమన్నారు. ఇంట్లో ఒకరి హక్కును మరొకరు ఘోరంగా కాలరాస్తుంటే ప్రభుత్వం కల్పించుకుని ఎవరి న్యాయం వారికి ఇప్పించాలన్నారు. అది చొరబాటు కాదు, రక్షణ. తాగివచ్చి ఆలుబిడ్డలను కొట్టేవాడి ఇల్లు ఈ బోధలో మనకు కనిపించడం లేదా?

నలభై ఏళ్ళ తర్వాత 1931లో పదకొండవ పయస్ పోపుగారు 'క్వాద్రజేసిమో అన్నో' అనే విశ్వలేఖ వెలువరించారు. అప్పటికి ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం బడినీ, సంఘాన్నీ, యువకులనూ తన గుప్పిట్లోకి లాక్కుంటున్నది. ఆ సంవత్సరమే కతోలిక యువజన సంఘాలను రద్దు చేసింది. అటువంటి రోజుల్లో పోపుగారు స్పష్టంగా ఒక సూత్రం చెప్పారు. చిన్న సంఘాలు తమంత తాము చేసుకోగలిగిన పనిని పెద్ద సంఘం లాక్కోవడం అన్యాయం. పైవారి పని కిందివారికి సాయపడడమే గాని వారిని మింగివేయడం కాదు. దీన్ని మనం 'చేయూత సూత్రం' అని చెప్పుకుందాం. పోపుగారు వాడిన లాటిన్ మాటకు మూలార్థం కూడా సాయమే.

1991లో రెండవ జాన్ పాల్ పోపుగారు 'చెంతేసిముస్ అన్నుస్' విశ్వలేఖలో ఈ సూత్రాన్ని మళ్ళీ గుర్తుచేశారు. తూర్పు యూరపులో కమ్యూనిస్టు ప్రభుత్వాలు అప్పుడే కూలిపోయాయి. అయినా ఆయన హెచ్చరిక వాటితో ఆగలేదు. సంక్షేమం పేరుతో అన్నీ తానే చేసే ప్రభుత్వం జనంలో బాధ్యతను చంపుతుందని, ఆఫీసులు పెరిగి ఖర్చు పెరుగుతుందని, పక్కవాడి కష్టం పక్కనున్నవాడికే బాగా తెలుస్తుందని ఆయన చెప్పారు. తప్పనిసరి పరిస్థితుల్లో ప్రభుత్వం కిందివారి పనిని తానే చేపట్టవచ్చుగాని, అది వీలైనంత తక్కువ కాలమే సాగాలన్నారు.

తల్లి పిల్లవాడికి నడక నేర్పే తీరు చూడండి. పడబోతే పట్టుకుంటుంది. నడుస్తుంటే చెయ్యి వదులుతుంది. ఎప్పటికీ చంకనెత్తుకునే ఉంటే వాడికి కాళ్ళు రావు. పడినా చూడకుండా పోతే ఆమె తల్లి కాదు.

దూబగుంటలో ఏం జరిగింది?

ఇప్పుడు నెల్లూరు జిల్లాకు వద్దాం. 1980వ దశకంలో మన రాష్ట్ర ప్రభుత్వం 'వారుణి వాహిని' పథకం కింద సారాను పాకెట్లలో నింపి అమ్మించింది. పాకెట్టు జేబులో పట్టేది, పొలం గట్టుకు కూడా చేరేది. అంగళ్ళకు వేలం పాటలు జరిగేవి. పాట ఎంత పెరిగితే ఖజానాకు అంత రాబడి. పాడుకున్న కంట్రాక్టరు తన డబ్బు రాబట్టుకోవడానికి పల్లె పల్లెకూ సారా చేర్చేవాడు.

1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. పగలంతా కూలి చేసిన స్త్రీలు రాత్రిపూట లాంతరు వెలుగులో పలక పట్టారు. అక్షరాలతోపాటు తమ బతుకులను గురించి నోరు విప్పి మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. మాటల్లో సారా సంగతి వచ్చింది. కలిగిరి మండలంలోని దూబగుంటలో స్త్రీలు ఒక్కటై ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. వారి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత దేశమంతా వినబడింది. దూబగుంట కథ అక్షరాస్యత వాచకంలో పాఠంగా చేరింది. ఆ పాఠం చదివిన ఇతర ఊళ్ళ తల్లులు తామెందుకు చేయలేమనుకున్నారు. 1992లో ఉద్యమం జిల్లా అంతటికీ పాకింది. సారా పాకెట్లను తగలబెట్టారు. వేలం పాటలు జరగనివ్వలేదు. అధికారులు పాటలను మళ్ళీ మళ్ళీ వాయిదా వేసుకోవలసి వచ్చింది.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారాను నిషేధించారు. ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డిగారి హయాంలో అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా ఆ నిషేధం అమలయింది.

ఇందులో ఒక విశేషముంది. అక్షరాస్యతకు అండగా నిలిచింది ప్రభుత్వమే, సారా పాకెట్టు పంపిందీ ప్రభుత్వమే. ఒక చేత్తో ప్రజలను నిలబెట్టింది, ఇంకో చేత్తో పడదోసింది. పలక ఇచ్చినప్పుడు అది చేయూత. ఆ పలక పట్టిన స్త్రీలు తమ కాళ్ళమీద తాము నిలిచి, చివరకు ఆ ప్రభుత్వాన్నే నిలదీశారు. సారా పంపినప్పుడు మాత్రం ప్రభుత్వం తన ఖజానా కోసం చిన్న ఇంటి కూడు లాక్కున్నది. ఇక్కడ తల్లులు అడిగిన మొదటి సాయం ఏమిటి? మా ఊరికి సారా పంపవద్దన్నారు. కీడు చేయకుండా ఉండడం కూడా ప్రభుత్వం పనే!

సంపూర్ణ నిషేధం ఎందుకు నిలవలేదు?

1994 డిసెంబరు 12న ఎన్.టి. రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ప్రమాణ స్వీకార సభలోనే మద్య నిషేధం ఫైలుమీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ నిషేధం అమలులోకి వచ్చింది. ఎందరో తల్లులు సంతోషించారు. కాని 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. పొరుగు రాష్ట్రాల నుండి సరుకు దొంగతనంగా వస్తున్నదని, నాటుసారా పెరిగిందని, రాబడి పడిపోయిందని కారణాలు చెప్పారు. సారా మీద నిషేధం మాత్రం అలాగే ఉంచారు. పాకెట్టు సారా పోయింది గాని, చవక మద్యం సీసాల్లో వచ్చింది. దాని వెనుక బెల్టు షాపులు వచ్చాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. సారా అంగడి ఊళ్ళో ఉండేది. అది తెరిచినా, మూసినా తల్లుల కంటిముందే. అందుకే దాన్ని వాళ్ళు ఆపగలిగారు. రాష్ట్రం సరిహద్దు దాటివచ్చే లారీని ఏ ఊరి తల్లి ఆపగలదు? డిస్టిలరీ లెక్కలను ఎవరు తనిఖీ చేయగలరు? అవి ప్రభుత్వం మాత్రమే చేయగల పనులు. ఊరు చేయవలసిన పని ఊరు చేసింది. పైవారు చేయవలసిన పని దగ్గరే బిగువు సడలింది. దానికి తోడు చాలామంది ఇక చట్టం వచ్చింది గదా, ప్రభుత్వమే చూసుకుంటుంది అని ఊరుకున్నారు. చట్టం ఇంటికి కాపలా కాయలేదు. ఇల్లు సరిహద్దుకు కాపలా కాయలేదు. ఎవరి చోటు వారిది.

మరి మొదటి పక్షం వారి మాట పూర్తిగా తప్పా? కాదు. మన వేదపండితుడు పునీత తోమాసు అక్వినాసుగారు 13వ శతాబ్దంలోనే ఈ ప్రశ్న వేసుకున్నారు. మానవ చట్టం ప్రతి దుర్గుణాన్నీ నిషేధించాలా? అక్కరలేదన్నారు. చట్టం అందరికోసం చేసేది, అందరూ పరిపూర్ణులు కారు. మోయలేని బరువు పెడితే ఇంకా చెడిపోతారు. అందుచేత చట్టం ముఖ్యంగా ఇతరులకు హాని చేసే ఘోరమైన తప్పులను అరికట్టాలని చెప్పారు. ఒకడు పండుగనాడు కొంచెం పుచ్చుకున్నాడా లేదా అని చూడడం పోలీసు పని కాదు. పేదవాడి కూలిని దోచే వ్యాపారాన్ని అరికట్టడం, భార్యాబిడ్డలను హింసించేవాణ్ణి ఆపడం మాత్రం తప్పకుండా ప్రభుత్వం పనే.

చట్టం లేకుండా మనిషి మారడా? మారతాడు. ఐర్లాండులో థియోబాల్డ్ మాథ్యూ అనే కపుచిన్ సభ గురువు 1838లో కోర్క్ పట్టణంలో మద్యం ముట్టమని ప్రమాణం చేయించడం ప్రారంభించారు. కొన్నేళ్ళలోనే లక్షలాది మంది ఆ ప్రమాణం చేశారు. ఏ పోలీసూ వారిని బలవంతపెట్టలేదు. కాని 1845 నుండి వచ్చిన కరవులో జనం చెదిరిపోయి ఆ ఉద్యమం బలం తగ్గింది. మనసు మారడం ఎంత గొప్పదో, ఆ మార్పు నిలవడానికి తోడు, కట్టడి ఎంత అవసరమో ఇందులో తెలుస్తుంది.

1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సంఘాన్ని గురించి మీలో కొందరు వినే ఉంటారు. తాగుడు మానినవారే మానదలచినవారికి తోడుగా ఉంటారు. బయటివారి విరాళాలు గాని, ప్రభుత్వ సొమ్ము గాని వారు తీసుకోరు. ఇటువంటి పని ఏ శాఖ చేయగలదు? రాత్రి పదింటికి తాగాలని మనసు పీకుతున్నవాడి పక్కన కూర్చునే ఉద్యోగిని ఏ ప్రభుత్వమూ నియమించలేదు.

నాలుగు ప్రశ్నల కొలబద్ద

ఇప్పుడు మన కొలబద్ద సిద్ధమైంది. ప్రభుత్వం చేసే ఏ పనినైనా, చేయని ఏ పనినైనా ఈ నాలుగు ప్రశ్నలతో తూచి చూడండి.

1. ఈ పనిని దగ్గరివారు, అంటే కుటుంబం, ఊరు, సంఘం, విచారణ చేసుకోగలవా? చేసుకోగలిగితే వారికే వదలాలి.

2. చేసుకోలేకపోతే ఎందుకు చేసుకోలేకపోతున్నారు? బలం చాలకనా, లేక పైవారు ఆ బలాన్ని లాక్కున్నందువల్లనా?

3. ప్రభుత్వం చేసే సాయం వారిని రేపు తమంత తాము నిలబడేట్టు చేస్తుందా, లేక ఎప్పటికీ చెయ్యి చాచేట్టు చేస్తుందా?

4. ఆ సమస్య కొనసాగడంలో ప్రభుత్వానికే లాభముందా? ఉంటే మనం మరింత మెలకువగా ఉండాలి.

నాలుగో ప్రశ్న మద్యం విషయంలో మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ప్రభుత్వమే మద్యం దుకాణాలను నడపడం మొదలుపెట్టింది. దశలవారీగా నిషేధానికి ఇది దారి అన్నారు. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్ళీ ప్రైవేటువారి చేతికి వెళ్ళాయి. అమ్మేవాడు సర్కారు ఉద్యోగా, లైసెన్సుదారుడా అన్నదాని మీద మనం ఎంతో వాదించుకున్నాం. రెండు పద్ధతుల్లోనూ ఖజానా మద్యం మీద ఆధారపడే ఉంది. ఊరి తల్లులకు కాదనే అధికారం ఉందా అన్న ప్రశ్న మాత్రం పక్కకు పోయింది.

ఆ అధికారం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. 1996లో పార్లమెంటు చేసిన చట్టం, మనం పెసా చట్టమని పిలిచేది, షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పానీయాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెబుతున్నది. మహారాష్ట్రలో ఊరి స్త్రీలు ఓటువేసి మద్యం దుకాణం మూయించే పద్ధతి ఉంది. యిత్రో చెప్పిన 'పదిమంది పెద్ద' ఇక్కడ గ్రామసభ రూపంలో కనిపిస్తున్నది.

మన వంతు

చదువరీ, ఈ పాఠం ప్రభుత్వాన్ని తిట్టడానికి చెప్పుకున్నది కాదు. పునీత పౌలుగారు రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయంలో అధికారాన్ని గౌరవించమన్నారు. పాలకుడు మన మేలు కోసం దేవుని సేవకుడని చెప్పారు. సేవకుడు యజమానిలా ప్రవర్తిస్తే ఏమవుతుందో సమూవేలు ప్రవక్త కూడా, తమకు రాజు కావాలని ప్రజలు అడిగినప్పుడే చెప్పాడు. మొదటి సమూవేలు 8వ అధ్యాయం చదవండి. రెండు మాటలూ వేదవాక్యాలే, రెండూ గుర్తుండాలి.

మన విచారణలో తాగుడువల్ల చితికిపోతున్న ఇళ్ళు ఏవో విన్సెంట్ డి పాల్ సభవారికి తెలుసు, మహిళా సంఘానికి తెలుసు, ఉపదేశిగారికి తెలుసు. కలెక్టరుకు తెలియదు. అందుచేత ఆ ఇంటి గుమ్మం తొక్కడం మన పని. ఆ పిల్లల బడి ఫీజు, ఆ తల్లికి ధైర్యం, ఆ తండ్రిని మంచి డాక్టరు దగ్గరకు తీసుకుపోవడం మన పని. బడి పక్కన బెల్టు షాపు పెడితే గ్రామసభలో లేచి మాట్లాడడం కూడా మన పనే. బెల్టు షాపు చట్టవిరుద్ధం. ఫిర్యాదు ఇచ్చాక దాన్ని మూయించడం ప్రభుత్వం పని. అక్కడ అధికారి ముఖం చాటేస్తే అడిగే హక్కు మనకుంది. అడగకపోతే ఆ తప్పులో మనకూ పాలుంటుంది.

దూబగుంట స్త్రీలకు ఈ విశ్వలేఖల పేర్లు తెలియవు. తమ ఇంటి కూడు ఎటు పోతున్నదో తెలుసు. తాము చేయగలిగింది తాము చేసి, మిగిలింది ప్రభుత్వంతో చేయించారు. రోశమ్మగారు 2016లో కన్నుమూశారు. అప్పుడు పలక పట్టిన చేతులు ఇప్పుడు ముసలివైపోయాయి. వారి మనవళ్ళలో ఎందరి జేబుల్లో సీసా ఉందో మన ఊళ్ళలో మనకు తెలుసు.

ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించుకోండి

1. మన ఊళ్ళో ప్రభుత్వం చేస్తున్న పనుల్లో మనమే చేసుకోగలిగినవి ఏవి? మనం చేస్తున్నవాటిలో నిజానికి ప్రభుత్వం చేయవలసినవి ఏవి?

2. నిర్గమకాండం 18:13–26 చదవండి. మన విచారణలో అన్ని పనులూ విచారణ గురువులకే వదిలేస్తున్నామా? పదిమంది పెద్దలుగా ఉండగలవారు ఎవరు?

3. ఈసారి గ్రామసభ ఎప్పుడు జరుగుతుందో తెలుసుకోండి. మన ఇంటి నుండి ఎవరు వెళతారు? ఏమి అడుగుతారు?